బంగారమ్మ బొటనవేలు

వేలిముద్రల మిషన్ ఎర్రలైటు వేసింది. మళ్ళీ వేసింది. పది వేళ్ళూ పెట్టించాక గ్రామ సచివాలయంలో కుర్రాడు యుగంధర్ తల పట్టుకున్నాడు.

"అమ్మా, మీ వేళ్ళకి గీతలే లేవు. నున్నగా అరిగిపోయాయి."

అరగక ఏం చేస్తాయి పాపం! ఇరవై ఏళ్ళుగా పలాస మిల్లులో జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తోంది బంగారమ్మ. పిక్క తొక్కలోంచి కారే జీడి రసం చర్మాన్ని తినేస్తుంది. పప్పేమో ఊరూరి పాయసాల్లోకి వెళ్ళింది, ఈవిడ వేలిముద్రలు మిల్లులోనే పోయాయి.

ఆ ముద్ర పడితేనే ఆవిడ పేరున ఇంటిస్థలం పట్టా ఇస్తారు. తిత్లీ తుఫానుకి ఇల్లు కూలిన దగ్గర్నుంచీ వాళ్ళు సుమ్మాదేవి దగ్గర ఒక షావుకారి జీడితోటలో, రేకుల పాకలో ఉంటున్నారు. షావుకారు పొమ్మంటే ఆ పూటే సర్దుకోవాలి. గడువు ఇంకా పది రోజులుంది. కంటిపాపతో చూసే మిషన్ ఉందిగానీ, అది రిపేరుకి వెళ్ళి ఇంకా రాలేదు.

"ఈ పది రోజులూ పిక్క ముట్టకండి. గిన్నెలు కూడా తోమకండి. కొబ్బరినూనె రాయండి. చర్మం వస్తే గీతలూ వస్తాయి" అన్నాడు యుగంధర్.

బంగారమ్మ తన చేతుల వంక చూసుకుంది. రెండు రోజులు వెళ్ళకపోతే మిల్లులో పీట ఇంకొకరికి ఇచ్చేస్తారు. పీట పోతే కూతురు ఝాన్సీ చదువు ఆగిపోతుంది. ఇల్లు కావాలంటే చేతులు కట్టుకోవాలట, కడుపు నిండాలంటే చేతులు ఆడాలి. ఇదెక్కడి న్యాయమమ్మా!

ఇంటికొచ్చి చెబితే అత్త బొడ్డమ్మ మంచం మీంచి దిగ్గున లేచింది.

"ఆ పీట మీద నానెల్లి కూకుంతాను. నా ముద్దర్లు ఎప్పుడో పోనాయి, ఇంకేటి పోతాది?"

"అరవై దాటినాయి నీకు, అత్తా!"

"దాటితే? సేతులు పడిపోనాయేటి?"

మొగుడు వైకుంఠరావు కొబ్బరికాయలు వలిచే మనిషి. పొయ్యి ముందు ఏనాడూ కూర్చున్న పాపాన పోలేదు. "వంట నాను సేత్తాను, నువ్వు కూకో" అన్నాడు ధీమాగా.

మర్నాటి నుంచి చూడాలి ఆ ఇంటి సంబరం! అత్త క్యారేజీ పట్టుకుని ఆటో ఎక్కేది. మేస్త్రీ ఢిల్లేశ్వరరావు మొదట గునిశాడుగానీ, ముసలావిడ చేతి వేగం చూసి ఒప్పుకున్నాడు. సాయంత్రం బొడ్డమ్మ నల్లటి వేళ్ళతో, ముఖం నిండా నవ్వుతో దిగి, మిల్లులో ఎవరి కోడలు అలిగిందో, ఎవరి గుంట పరీక్ష తప్పిందో పూస గుచ్చినట్టు చెప్పేది. వైకుంఠరావు పనసకాయ కోయబోయి జిగురంతా మీసాలకి పూసుకున్నాడు. చేపల పులుసులో ఉప్పు గుమ్మరించాడు.

"సముద్దరాన్ని ఇటే మళ్ళించేసేవేటి మావా?" అంది బంగారమ్మ.

"తిని సూడు, అలవాటైపోతాది."

బంగారమ్మని చీపురు ముట్టనివ్వలేదు, చెంబు ఎత్తనివ్వలేదు. కొత్త పెళ్ళికూతురిలా అరుగు మీద కూర్చోబెట్టారు. మొదటి రెండు రోజులూ చేతులు ఊరుకోక, ఎవరూ చూడకుండా ఒక గిన్నె తోమి తిట్లు తింది. మూడో రోజుకి మనసు తేలికపడింది. మధ్యాహ్నం కొబ్బరాకుల మీంచి వచ్చే గాలికి కునుకు తీయొచ్చని ఆవిడకి అప్పుడే తెలిసింది. పగలు నిద్ర ఇంత తియ్యగా ఉంటుందా అని మురిసిపోయింది.

ఝాన్సీ కాలేజీ నుంచి రాగానే సెల్‌ఫోను లైటు వేసి అమ్మ బొటనవేలు చూసేది. ఏడో రోజు కెవ్వుమంది.

"ఓలమ్మా! గీత వొచ్చింది!"

ఇరుగుపొరుగు వాళ్ళు వరస కట్టి చూసి పోయారు.

పదో రోజు అందరూ కలిసే సచివాలయానికి వెళ్ళారు. బంగారమ్మ కుడి బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. ఎడమది పెట్టింది. ఎర్రలైటు. పాక కళ్ళ ముందు ఊగింది.

యుగంధర్ ఆ వేలు పట్టుకుని చూశాడు. "ఇంత జారుతోందేంటమ్మా?"

బొడ్డమ్మ గొంతు తగ్గించింది. "ఈయాల ముఖ్యం కదా బాబూ... తెల్లారి మరో రెండు గరిటెలు నూనె నానే పామేను."

యుగంధర్ పకపకా నవ్వి గుడ్డముక్క తీసి వేలు గట్టిగా తుడిచాడు. బంగారమ్మ కళ్ళు మూసుకుని మళ్ళీ పెట్టింది.

"పచ్చ!" అని ఝాన్సీ అరిచిన అరుపుకి పక్కగదిలోంచి ఎవరో పెద్దమనిషి పరిగెత్తుకొచ్చాడు. బంగారమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ అత్తని కావలించుకుంది.

సాయంత్రానికి పట్టా కాగితం చేతిలో ఉంది. పాకకి రాగానే వైకుంఠరావు గరిటె తెచ్చి పెళ్ళానికి అందించాడు. బంగారమ్మ గబుక్కున చేతులు కొంగులో దాచేసుకుంది.

"రేపు మళ్ళీ ముద్దర అడుగుతారేమో మావా. ఇంకొక్క రోజు..."

వైకుంఠరావు పట్టా వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. ఇరవై ఏళ్ళలో ఆవిడ తన కోసం తాను అడిగిన మొదటి సెలవు రోజు అది. ఆ ముద్ర ఇంకెవరూ అడగరని ఇద్దరికీ తెలుసు.

"రేపూ మిల్లుకి నానే ఎల్తాను. కబుర్లు సగంలో ఆగినాయి" అంది బొడ్డమ్మ మంచం మీంచి.

వైకుంఠరావు గరిటె వెనక్కి తీసుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

"ఉప్పు ఎంతెయ్యాలి?"

"నిన్నటిలో సగం" అంది బంగారమ్మ, అరుగు మీద కాళ్ళు చాపుకుంటూ.