మెట్టుగూడ క్లబ్బు ఇద్దరు బ్యాకులు

నబీ మిలిటరీ బారకాసుల చెర నుంచి విడుదలై బోయిగూడ ఇంటికి చేరిన రోజు జంగయ్య అతన్ని చూడటానికి రాలేదు.

మిగతా అందరూ వచ్చారు. వీధిలో ముసలివాళ్లు వచ్చి తల నిమిరి పోయారు. క్లబ్బు సెక్రెటరీ దేవకృప మాస్టారు మెట్టుగూడ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, చాయ్ చల్లారిపోయేదాకా కూర్చున్నాడు. పక్కింటి అక్బర్ బీ మాత్రం గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వెళ్లిపోయింది. ఆమె కొడుకు అల్లాఉద్దీన్ ఇంకా లోపలే ఉన్నాడు కనక పాపం అనుకున్నాడు నబీ. అతని చూపంతా వీధి మలుపు మీదే ఉంది. చీకటి పడ్డాక భార్య జుబేదాతో, "చూసినవా, రాలే," అన్నాడు. ఆ రెండు మాటల్లో ఎంత ఉందో ఆమెకు తెలుసు.

నబీ, జంగయ్య మెట్టుగూడ స్టార్ ఫుట్‌బాల్ క్లబ్బుకు బ్యాకులు. కుడివైపు జంగయ్య, ఎడమవైపు నబీ. ఆ కాలంలో గోలు కాసే గోలీ ముందు కాపలా ఇద్దరిదే. కాళ్లకు బూట్లుండేవి కావు, చీలమండలకు గుడ్డపట్టీలు చుట్టుకుని ఆడేవారు. ఒకడు బంతి మీదికి దూకాడంటే రెండోవాడు వెంటనే అతని వెనక్కి జరిగి నిలబడాలి. నేను తప్పినా వెనక వాడున్నాడన్న ధైర్యం లేకపోతే ఏ బ్యాకూ ముందుకు పోలేడు. ఆ ధైర్యం వాళ్లిద్దరికీ ఎంత ఉండేదంటే, ఆటలో ఒకరినొకరు కేకేసి పిలుచుకునేవాళ్లు కూడా కారు. రైల్వే వర్క్‌షాపులో ఇద్దరికీ నౌకరీ దొరికింది ఆ ఆట వల్లనే. జంగయ్య రెండేళ్లు పెద్ద కాబట్టి నబీ అతన్ని అన్నా అనే పిలిచేవాడు.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడు ఎండాకాలంలో కలకత్తా నుంచి ఒక పెద్ద క్లబ్బు మనిషి వచ్చి వాళ్ల ఆట చూశాడు. మాకు ఒక్క బ్యాకు కావాలి, ఎవరన్నది వచ్చేసారి చూసి తేలుస్తాను అని చెప్పి పోయాడు. కలకత్తాలో ఆడటమంటే ఆటే బతుకుదెరువు, వేరే నౌకరీ అక్కర్లేదు. ఆ సాయంత్రం ఇద్దరూ నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు. ఎవరు పోతే ఏంది, ఇంకొకడు స్టేషనుకొచ్చి రైలెక్కిస్తడు అన్నాడు జంగయ్య.

వానలు తగ్గుముఖం పడుతుండగా యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం లొంగిపోయాడు. వారం తిరగకుండానే బోయిగూడలోకి లారీ వచ్చి ఆగింది. రజాకార్లతో కలిసి కవాతు చేశావని నబీని ఎక్కించుకుపోయారు. నబీ ఏనాడూ ఖాకీ తొడగలేదు. వాళ్లు కవాతు చేసే మైదానంలోనే ఇంకో మూల బంతి తన్నేవాడు, అంతే. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా విచారణ చేసే అధికారి నవ్వాడు. చివరికి విసుగొచ్చి, "నీతో కలిసి ఆడినవాడే నీ పేరు చెప్పాడు," అన్నాడు.

దెబ్బల కంటే ఆ మాటే ఎక్కువ పనిచేసింది. ముళ్లకంచె వెనక కూర్చుని నబీ జట్టులో ఒక్కొక్కరినీ తలుచుకున్నాడు. ఫలానావాడికి నాతో ఏం పని, ఫలానావాడికి ఏం లాభం అని తూచి చూసి పక్కన పెట్టాడు. పక్కన పెట్టలేకపోయింది ఒక్కణ్ణే. కలకత్తాకు ఒక్క బ్యాకే కావాలి. తను లోపలుంటే బయట మిగిలేది జంగయ్య. మొదట ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. చలికాలం ముదిరేసరికి సిగ్గు పోయింది, ఆలోచన మిగిలింది.

మళ్లీ మైదానంలోకి దిగిన రోజు జంగయ్య, "మంచిగున్నవా?" అని అడిగి, జవాబు వినకముందే వంగి కాలిపట్టీ సవరించుకున్నాడు. కళ్లలోకి చూడలేదు. వర్క్‌షాపులో ఎవరితోనో గుసగుసగా మాట్లాడుతున్నవాడు నబీ రాగానే ఆపేశాడు. ఇదివరకు ఆట అయ్యాక ఒకే కప్పు చాయ్‌ని సాసరులో చెరిసగం పోసుకునేవాళ్లు. ఇప్పుడు ఇంటికాడ పనుందని జంగయ్య ముందే వెళ్లిపోతున్నాడు. నబీ ఇవన్నీ మనసులో ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్నాడు.

ఒకసారి దేవకృప మాస్టారు మాటల్లో, నీ తరఫున వాంగ్మూలమివ్వడానికి నాతోపాటు జంగయ్య కూడా బారకాసులకు వచ్చాడయ్యా అన్నాడు. నబీకి అది కూడా అనుమానంగానే తోచింది. ముందు తోసి, తర్వాత చెయ్యి అందించినట్టు చేస్తే పాపం పోతుందనుకున్నాడు కాబోలు.

జుబేదాకు విసుగొచ్చింది. "మనసుల పెట్టుకొని మాడుడు ఎందుకు? పోయి అడుగరాదు," అంది.

"అడిగితే లేదంటడు. గా అబద్ధం సుత నేను ఇనాల్నా?"

ఎండలు మొదలయ్యాయి. కలకత్తా మనిషి మళ్లీ వచ్చాడు. సికింద్రాబాదులోనే ఒక మిలిటరీ పల్టన్ జట్టుతో ఆట పెట్టారు. మైదానం చుట్టూ గట్టు మీద జనం. బోయిగూడవాళ్లు ఒకపక్క, మెట్టుగూడవాళ్లు ఇంకోపక్క నిలబడ్డారు. ఇదివరకు ఆ జనం కలిసే నిలబడేవారు.

మొదటి సగమంతా నబీ తన ఆట తను ఆడాడు. జంగయ్య ముందుకు పోయినప్పుడల్లా వెనక్కి జరగడానికి కాళ్లు అలవాటుగా కదిలేవి, మనసు మాత్రం పట్టి ఆపేది. వాడు ముందుకు పోయి బంతి కొడితే మెప్పు వాడిది. తప్పితే వెనకున్న నన్ను దాటి గోలు పడుతుంది, నింద నాది. కావాలనే ఇలా పోతున్నాడా? కలకత్తా మనిషి ఎటు చూస్తున్నాడో అని నబీ రెండు మూడుసార్లు గట్టు వైపు తిరిగి చూశాడు. బ్యాకుగా ఆడినన్నాళ్లలో అతను బంతి మీద నుంచి కన్ను తీయడం అదే మొదటిసారి.

రెండో సగంలో పల్టన్ ఫార్వర్డు ఒకడు మధ్యలోంచి బంతి తీసుకుని దూసుకొచ్చాడు. జంగయ్య బంతి మీదికి కదిలాడు. నబీ వెనక్కి పోవాల్సిన క్షణం అది. పోలేదు. ఈసారి నీకు దక్కనివ్వను అనుకుంటూ తనూ అదే బంతి మీదికి ఉరికాడు. వెనక నబీ ఉన్నాడనే నమ్మకంతో జంగయ్య పక్కకు చూడనే లేదు. నబీ కాలు బంతికి తగిలింది, బంతి గట్టు దాటి పోయింది. అతని ఒళ్లంతా జంగయ్య మోకాలి మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది.

జంగయ్యను తలుపు చెక్క మీద మోసుకుపోయారు. ఆసుపత్రిలో డాక్టరు, నడుస్తాడు గాని ఇక ఆడలేడు అని చెప్పేశాడు. కలకత్తా మనిషి రెండు రోజులాగి నబీని కలకత్తా రమ్మని కబురు పెట్టాడు.

జంగయ్య మీద నబీ అనుమానం అప్పటికే వీధుల్లో పాకింది. బోయిగూడలో కొందరు నబీ భుజం తట్టారు. పట్టిచ్చినవాడికి తగిన శాస్తి చేశావు అన్నట్టు నవ్వారు. మెట్టుగూడలో కొందరు అతన్ని చూసి ఉమ్మేశారు. రెండుచోట్లా అనుకుంటున్నది ఒకటే, నబీ కక్ష తీర్చుకున్నాడని.

ఆ మాట చెవిన పడి అక్బర్ బీ వచ్చింది. ఈసారి గుమ్మం దాటి లోపలికొచ్చి నేల మీద కూర్చుంది.

"బేటా, జంగయ్యను ఏమనకు," అంది. "నీ పేరు చెప్పింది నా కొడుకు."

అల్లాఉద్దీన్ ఒకప్పుడు అదే క్లబ్బులో గోలీ. రెండేళ్ల కింద ఆట మానేసి రజాకార్లలో చేరాడు. పట్టుబడ్డాక నీతో ఉన్నవాళ్ల పేర్లు చెప్పమని కొడితే, నోటికి ఏ పేరు వస్తే ఆ పేరు చెప్పాడట. ములాఖత్‌కు పోయిన తల్లితో ఆ సంగతి చెప్పి ఏడ్చాడట. నీతో కలిసి ఆడినవాడు అన్న మాట నిజమే. జట్టు వదిలిపోయినవాణ్ణి నబీ లెక్కలోకే తీసుకోలేదు. పక్కింటివాడు, తనవాడు అయిన వాడి మీద అనుమానమే పోలేదు.

"ఇన్నాళ్లు ఎందుకు చెప్పలే, ఖాలా?" అన్నాడు నబీ.

"వాడు లోపల ఉన్నడు బేటా. నువ్వు బయటికొచ్చినవు. వాడి మీద ఏం చెప్తవో అని భయమైంది," అంది ఆమె.

మర్నాడు నబీ మెట్టుగూడ పోయాడు. జంగయ్య మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు, మోకాలికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. అతని భార్య పుష్పమ్మ నబీని చూసి రమ్మని గాని పొమ్మని గాని అనకుండా లోపలికి వెళ్లింది. నబీ నిలబడే అంతా చెప్పాడు. అధికారి అన్న మాట, లోపల తను చేసుకున్న తర్కం, అక్బర్ బీ రావడం.

జంగయ్య ఇంటికప్పు వైపు చూస్తూనే మొదలుపెట్టాడు.

"భువనగిరి కాడ మా మేనమామ ఇల్లు రజాకార్లు తగలబెట్టిన్రు. నీకు తెల్వదు," అన్నాడు. "నిన్ను పట్టుకపోయినప్పుడు నాకు సుత అనుమానమే. అదే మైదానంల ఉంటుంటివి గదా, ఏమో అనుకున్న. నువ్వొచ్చినంక నీ మొఖం చూడబుద్ధి కాలే."

"మరి నా తరఫున చెప్పనీకి ఎందుకొచ్చినవన్నా?"

"చెప్పకుంటే నిన్ను ఇడ్వరు. అనుమానం ఉండె, నిజమే. అనుమానమే గదా అనుకొని పోయి, వీడు అసుంటోడు కాదని చెప్పొచ్చిన."

జంగయ్య అప్పుడు మొదటిసారి అతని కళ్లలోకి చూశాడు.

"ఇప్పుడు నేనొకటి అడుగుతా. నువ్వు కావాలని కొట్టినవా?"

లేదు అని వెంటనే అనాలి. నబీ అనలేకపోయాడు. ఆ క్షణంలో తన మనసులో ఏముందో నిజంగా వెతుక్కున్నాడు.

"మోకాలు ఇరగ్గొట్టాలని లేదు," అన్నాడు చివరికి. "నీ ఎన్కకు రావాల్నని తెల్సు. తెల్సి రాలే."

పుష్పమ్మ లోపలి నుంచి చాయ్ తెచ్చి రెండు కప్పులు వేరువేరుగా పెట్టి పోయింది. జంగయ్య తాగు అన్నాడు. కలకత్తా ఎప్పుడు పోతున్నావని అడిగాడు. పోనని నబీ అంటే, నా కాలు పోయింది, నీ ఆట సుత పోతే ఎవరికి లాభం అని కసిరాడు. క్షమించానని మాత్రం అనలేదు. నబీ కూడా అడగలేదు.

నబీ కలకత్తాలో ఆరు సీజన్లు ఆడాడు. పక్కవాడు ముందుకు పోతే వెనక్కి జరగడంలో అతన్ని మించినవాడు లేడని అక్కడ పేరొచ్చింది. తనంతట తాను ముందుకు దూకి బంతి లాక్కునే ఆట మాత్రం అతను మళ్లీ ఆడలేదు. సీజను అయిపోయి సికింద్రాబాదు వచ్చినప్పుడల్లా జంగయ్య ఇంటికి పోయేవాడు. జంగయ్య వర్క్‌షాపులోనే కూర్చుని చేసే పనికి మారాడు. నొప్పికాలు చాపుకుని కలకత్తా ఆటల సంగతులన్నీ గుచ్చి గుచ్చి అడిగేవాడు. ఎవరి పక్కన ఆడుతున్నావు, వాడి కాలు ఎసుంటిది, వాన్ని నమ్ముతవా అని.

"నమ్ముతా అన్నా," అనేవాడు నబీ.

జంగయ్య ఊఁ కొట్టేవాడు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలన్నట్టు కాసేపు అతని మొహంలోకే చూసి, తర్వాత ఇంకేదో అడిగేవాడు.