ఆయిల్ కాల్చేశానని చెప్పాను

లైన్‌మన్ బండి ఇంజన్ కేసింగ్ బల్లమీద పెట్టుకుని, వారం రోజులుగా దాని మొహం నేను, నా మొహం అది చూసుకుంటున్నాం. రాయి తగిలి అడుగున బెత్తెడు పొడవున చీలింది. ఆ మోడల్ కంపెనీ ఎప్పుడో ఆపేసింది, కొత్త కేసింగ్ ఎక్కడా దొరకదు. బండి లేక ఆయన నిచ్చెన భుజానేసుకుని నడుస్తున్నాడు. పొద్దున్నే మా మెకానిక్ షెడ్డు ముందు ఆగి "ఏమ్మా, అయిందా?" అంటాడు. తిట్టినా బాగుండు. తిట్టడు.

అల్యూమినియం అతకడం ఇనుము అతికినట్టు కాదు. ఇనుము ఎర్రబడి ముందే చెప్తుంది. ఇది ఏ రంగూ మారకుండా ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. మొదటి వెల్డరు చీలిక పక్కన వేలు దూరేంత చిల్లు పెట్టి ఇచ్చాడు. రెండో ఆయన జిగురు మందు పూసి, పైన రంగు కొట్టి, వెల్డింగేనని ఒట్టేశాడు. మూడో ఆయన కాస్త నయం. ఆ మందు గీకేసి, అటూ ఇటూ తిప్పి చూసి, "మీ నాన్న స్నేహితుడు ఉండేవాడు కదా, అతుకుల బాబాయ్. ఆయన్ని వదిలేసి ఊరంతా తిరుగుతావేంటమ్మా?" అన్నాడు.

ఎందుకు తిరుగుతున్నానో నాకు తెలుసు. ఆయన ముందు నిలబడే మొహం నాకు లేదు.

బాబాయ్ మాకు చుట్టమేం కాదు. మా షెడ్డూ ఆయన వెల్డింగ్ షాపూ ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవి. నేను స్పానర్ పట్టుకున్న కొత్తలో "ఆడపిల్లకెందుకీ మసి పని" అన్నవాళ్ళందరి నోళ్ళూ మూయించింది ఆయనే. ఆయనకో పద్ధతి ఉండేది. ఏ కేసింగ్ తెచ్చినా ఒకటే ప్రశ్న. "ఆయిల్ కాల్చి తెచ్చావా?" ఏళ్ళ తరబడి ఆయిల్ తాగిన అల్యూమినియాన్ని పొగ ఆగేదాకా మెల్లగా వేడిచేయాలి, తుడవాలి, మళ్ళీ వేడిచేయాలి. లేకపోతే ఆ ఆయిలు అతుకులో బుడగలై కూర్చుంటుంది. పైకి మెరుస్తుంది, లోపలంతా బోలు. రెండు గంటల చాకిరీ అది.

మూడేళ్ళ క్రితం ఒకరోజు నాకు ఆ రెండు గంటల ఓపిక లేకపోయింది. స్నేహితురాళ్ళు సినిమాకి టికెట్లు కొని కూర్చున్నారు. లెక్కల మాస్టారి కేసింగ్ పెట్రోలుతో కడిగేసి పట్టుకెళ్ళాను.

"కాల్చి తెచ్చావా బుడ్డీ?"

"కాల్చేశాను బాబాయ్."

పది రోజులకి ఆ అతుకు విడిపోయింది. ఆయిలు వెనక చక్రం మీద పడి బండి జారింది, మాస్టారి మోకాలు విరిగింది. నాన్న కోపమొస్తే మనిషి కాదు. "కళ్ళు కనబడకపోతే ఇంట్లో కూర్చో! జనం ప్రాణాలతో ఆటలేంటి?" అని నలుగురి ముందు బాబాయ్‌ని కడిగిపారేశాడు. బాబాయ్ తిరిగి ఒక్క మాట అనలేదు. నేను కింద పడ్డ నట్లు ఏరుతున్నట్టు తల వంచుకు కూర్చున్నాను. పడినవి నాలుగు. వాటినే ఎంతసేపు ఏరానో. నెల తిరక్కుండా ఆయన షాపు ఖాళీ చేశాడు. రేపు చెప్దాంలే అనుకున్నాను. ఆ రేపు మూడేళ్ళు సాగింది, సిగ్గులేకుండా.

చివరికి లైన్‌మన్ భుజం మీద నిచ్చెన ఒరుసుకున్న మచ్చ చూసి, కేసింగ్ సంచిలో వేసుకుని బయల్దేరాను. బాబాయ్ ఇప్పుడు ఊరి చివర రేకుల షెడ్డులో కిటికీ గ్రిల్స్ చేస్తున్నాడు. నన్ను చూడగానే కటింగ్ మిషన్ ఆపేశాడు.

"బుడ్డీ! దారి తప్పావేంటే? కూర్చో, ముందు మంచినీళ్ళు తాగు."

ఆ పిలుపుకి నా ప్రాణం చచ్చిపోయింది. కేసింగ్ తీసి బల్లమీద పెట్టాను.

"అల్యూమినియం మానేశానమ్మా," అన్నాడు. అంటూనే ఆయన బొటనవేలు చీలిక వెంట నడిచింది. అలవాటు ఎక్కడికి పోతుంది? "ఆయిల్ కాల్చి తెచ్చావా?"

"లేదు బాబాయ్." ఖాళీ సంచి మడతపెట్టాను. "ఆ రోజూ కాల్చలేదు. మాస్టారి కేసింగ్. అబద్ధం చెప్పాను."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ రోజు వెల్డింగ్ టార్చ్ పెట్టగానే నల్ల బుడగలు లేచాయి. చూశాను," అన్నాడు.

"చూశావా? మరెందుకు అతికావు బాబాయ్?"

"నువ్వు కాల్చానన్నావు కదే. నువ్వు అబద్ధం చెప్తావనుకోలేదు. నా కళ్ళే తప్పు చూస్తున్నాయనుకున్నా. మీ నాన్నా అదే అన్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. చూపు బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఆయన మాటా నమ్మలేదు."

ఆయన షాపు మూసేశాడని మాత్రమే ఇన్నాళ్ళూ బాధపడ్డాను. తన కళ్ళనే తను నమ్మకుండా చేశానని అప్పటిదాకా తెలియదు. ఏడుపు ఆగలేదు. "నాన్నకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను," అన్నాను.

"ఫోన్లో కాదు. నన్ను అన్నది నలుగురి ముందు. ఆ నలుగురినీ పిలిచి, వాళ్ళ ముందే చెప్పు. నేనూ వస్తాను."

"చెప్తాను."

"సరే. ఏడుపాపి ఆ బ్లోలాంపు ఇటు తే. ఇనుప పనికి వాడుకుంటున్నానే గానీ, అప్పట్లో అల్యూమినియం అతికిన ఆర్గాన్ మిషన్ ఇదే."

పక్కనే కూర్చుని కాల్చాను. మొదట నల్లటి పొగ, తర్వాత నీలం, ఆ తర్వాత సన్నటి దారం. తుడిచాను, మళ్ళీ కాల్చాను. రెండు గంటలు దాటాక పొగ పూర్తిగా ఆగింది. ఈలోగా ఆయన పాత అల్యూమినియం ముక్క మీద గీతల్లా అతుకులు వేస్తూ చెయ్యి సరిచేసుకున్నాడు. చివరి గీత తిన్నగా వచ్చింది.

"అయిపోయింది బాబాయ్," అన్నాను.

ఇంతకుముందైతే నా మాట మీదే వెల్డింగ్ మాస్క్ దించుకుని పని మొదలెట్టేవాడు. ఈసారి జేబులోంచి తెల్ల గుడ్డ తీసి, చీలిక పొడవునా గట్టిగా రుద్దాడు. వెలుతురులోకి వెళ్ళి దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. గుడ్డ తెల్లగానే ఉంది. వెనక్కొచ్చి, గుడ్డ తిరగేసి, మళ్ళీ రుద్ది చూశాడు.