పది నిమిషాలు ముందున్న గడియారం

ఆయన పోయాక, ఆయన మోటార్‌సైకిల్‌ని రోజూ బడికి వెళ్లే ముందు స్టార్ట్ చేసేదాన్ని. నాకు నడపడం రాదు. బటన్ నొక్కి, ఇంజిన్ అందుకోగానే కాసేపు విని ఆపేసేదాన్ని. నాకు కావలసింది ఇంజిన్ కాదు, మీటరులో ఎప్పుడూ వెలిగే చిన్న గడియారం. ఎక్కడికైనా ఆలస్యంగా బయలుదేరే మనిషి కనుక దాన్ని పది నిమిషాలు ముందుకు పెట్టుకున్నారు. బ్యాటరీ దిగిపోతే ఆయన పెట్టిన ఆ సమయం కూడా పోతుందని నా భయం.

ఈ వారం ఇంజిన్ మూలుగుతూ అందుకుంటోంది. భయపడి సాయంత్రం కూడా నొక్కడం మొదలుపెట్టాను. నిన్న అంకెలు వెలిసినట్టు కనిపించాయి. పాఠం చెబుతున్నానన్న మాటే గాని మనసంతా బండి ఉన్న షెడ్డులోనే ఉంది.

ఇవాళ సెలవు. పొద్దున్నే వదిన, ఆయన అక్క, వచ్చింది. ఆమె ముందు బటన్ నొక్కితే టకటకమని చప్పుడు, అంతే.

"రోజూ ఇంజిన్ ఎంతసేపు ఆన్‌లో ఉంచుతున్నావు?"

"ఒకటి రెండు నిమిషాలు."

"బాగానే ఉంది. స్టార్టయ్యేటప్పుడు బ్యాటరీలోంచి గంపెడు లాగేస్తుంది. రెండు నిమిషాల్లో గుప్పెడు కూడా నిండదు. దాని నోటి దగ్గర ముద్ద లాక్కుంటున్నావు, టీచరమ్మా."

"మరి ముట్టుకోకుండా ఊరుకుంటే?"

"ఆ గడియారం కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. బ్యాటరీ తీసి చార్జింగ్ పెట్టాలి. స్పానర్ ఇటివ్వు."

స్పానర్ నా చేతిలోనే ఉంది. ఇవ్వలేదు.

"వైరు తీస్తే టైము పోతుంది, వదినా."

"తీయకపోయినా రేపటికి పోతుంది."

అప్పుడు గాని ఆమె గడియారం వైపు సరిగ్గా చూడలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వే విప్పు" అంది.

మైనస్ వైరు నేనే విప్పాను. అంకెలు ఆరిపోయాయి.

వసారాలో చార్జరు ఎర్ర దీపం ఎంతకీ పచ్చబడలేదు. చూడ్డానికి తిరుగుతూ అన్నం మాడబెట్టాను. పచ్చబడేసరికి సాయంత్రమైంది.

బిగించాక ఒక్క నొక్కుకే ఇంజిన్ అందుకుంది. గోడ గడియారం చూసి వచ్చి సమయం పెట్టాను. వదిన తన వాచీ చూసుకుంది.

"పది నిమిషాలు ముందుంది."

"అవును."

"ఇంత ముందు పెట్టుకుని కూడా నా కూతురి పెళ్లికి భోజనాల వేళకొచ్చాడు, వెధవ." కొంగుతో సీటు తుడిచి ఎక్కి కూర్చుంది. "ఎక్కు. వారానికోసారి వస్తాను. దూరం తిప్పితేనే ఇది నిండేది."

"చీకటి పడుతోంది, వదినా."

ఆమె మీటరు వైపు చూసింది.

"దానికి పడితే పడనీ. మనకింకా పది నిమిషాలుంది."