పాదం పట్టేంత పెడల్

మూడో అంతస్తు బాల్కనీలో ఉన్న గేర్ల సైకిల్ మీద నవత బట్టలు ఆరేస్తోంది. హ్యాండిల్‌కి భర్త చొక్కాలు, నడిమి గొట్టం మీద అత్త చీర, సీటు మీద కూతురి స్కూలు లంగా. కొండలెక్కడానికి చేసిన సైకిల్ అది. సూరత్‌లో కొండలు లేవు కాబట్టి ఆ ఇంట్లో దానికి అంతకంటే మంచి పని ఎవరికీ తోచలేదు.

కొన్నది ఉమాకాంత్. టెక్స్‌టైల్ మార్కెట్లో చీరల దుకాణంలో సేల్స్‌మన్ అతను. సేఠ్ పొట్ట తగ్గించుకోవడానికి సైకిల్ ఎక్కేసరికి దుకాణమంతటికీ ఆ ఉబలాటం అంటుకుంది. ఉమాకాంత్ కొన్ని ఆదివారాలు డుమస్ బీచ్ దాకా తొక్కి, అక్కడ వేడి వేడి టమాటా భజియాలు తిని, వెళ్లినప్పటి కంటే బరువెక్కి తిరిగొచ్చాడు. వానలు మొదలయ్యాక సైకిల్ బాల్కనీకి చేరింది. "ఉండనియ్, వస్తువే గద" అన్నాడు. ఆ ఇంట్లో అలా ఉండనిచ్చిన వస్తువులు చాలానే ఉన్నాయి. వాటి దుమ్ము దులిపేది మాత్రం నవతే.

ఒక తెల్లవారుజామున, నల్లా నీళ్లు రాకముందు, పాల కోసమని ఆమె ఆ సైకిల్‌ని మెట్ల మీదుగా భుజాన మోసుకుని దించింది. చిన్నప్పుడు సిరిసిల్లలో నాన్న సైకిల్ అడ్డకాలితో తొక్కింది, అంతే. పర్వత్ పాటియా రోడ్డు ఖాళీగా ఉంది. మార్కెట్ షట్టర్లు ఇంకా లేవలేదు. పాల దుకాణం వచ్చింది, దాటిపోయింది, ఆమె ఆగలేదు. ఫోల్డింగ్ ఖాతా అని పిలిచే కార్ఖానాలో పొద్దంతా చీరలు మడతపెడుతూ నిలబడే కాళ్లు అవి. సాయంత్రమయ్యేసరికి వాచి ఏడ్చే కాళ్లు. అలాంటివి ఆ పూట తమంతట తామే తిరుగుతుంటే, ఇన్నేళ్లూ వీటిని నిలబెట్టే ఉంచాను కదా అని ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. పాలు లేకుండా ఇంటికొచ్చి తిట్లు తింది. మర్నాడు మళ్లీ వెళ్లింది.

చిక్కంతా పెడల్స్‌తో వచ్చింది. బూటు అడుగున ఉండే ఇనుప ముక్క టక్కున ఇరుక్కునే రకం పెడల్స్ పెట్టించుకున్నాడు ఉమాకాంత్. ఆ బూట్లు అతని పాదాల కొలతవి. అవి లేకుండా కాలు పెడితే ఇనుప గుబ్బ మీద పెట్టినట్టే. నవత కాలు జారి, పెడల్ గిర్రున తిరిగి ఆమె మోకాలి కింద ఎముక మీద కొట్టింది. రక్తం చూసి అత్త ఐలమ్మ అడిగితే, గ్యాస్ బండ తగిలిందని చెప్పింది. గ్యాస్ బండ తగిలితే ఆ ఇంట్లో ఎవరూ ఇంకేమీ అడగరు.

దారిలో పరిచయమైంది నీరజ. మునిసిపల్ బడిలో తెలుగు టీచరు, సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఆదివారం పొద్దున ఆడవాళ్లను పోగేసి సైకిళ్లు తొక్కిస్తుంది. వచ్చే ఆదివారం టెంపో మాట్లాడుకుని డాంగ్ అడవిలో కొండదారికి పోతున్నాం, నువ్వూ రా అంది. నవత కాలి మీది గాయం చూసి, "పెహలే పెడల్ మార్చు అక్కా" అంది. "ఫ్లాట్ పెడల్ తీసుకో. తేలికది కావాలె, మెట్లు మోసేది నువ్వే గదా. కానీ ఉత్తగ గ్రాములే చూడకు. పాదమంతా ఆనాలె, పైన చిన్న చిన్న మొలలుండాలె. దిగుట్ల నీ కాలు ఆగుతదా లేదా, బస్, గదే చూడు."

పెడల్స్ కావాలని ఇంట్లో చెప్పడానికి నవతకు చాలా ధైర్యం కావాల్సి వచ్చింది. ఉమాకాంత్ నవ్వాడు. మంచివాడే, నవ్వుతాడు. "కొండెక్కుతవా? మూడంతస్తులెక్కితేనే ఆయాసమంటవ్" అన్నాడు. ఆయాసం రెండు చేతుల్లో సంచులున్నప్పుడు వస్తుందని, సంచులు అతను ఎప్పుడూ మోయలేదు గనక అతనికి తెలియదని నవత అనుకుంది. "దా, నేను చూపిస్త. నీకేం తెలుస్తది" అని వెంట వచ్చాడు.

సైకిల్ దుకాణదారు నవత వైపు చూడనే లేదు. "మేడమ్ కే లియే? హల్కా దిఖాతా హూఁ భాయ్" అని ఉమాకాంత్‌తోనే మాట్లాడాడు. తేలికవి అనగానే ఉమాకాంత్‌లోని సేల్స్‌మన్ లేచాడు. పొద్దంతా అతను అమ్మేది వెయిట్‌లెస్ చీరలు. అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేసి బరువు చెప్పేస్తాడు. మార్కెట్లో ఎంత తేలికైతే అంత మంచి మాలు. పెడల్స్‌ని కూడా అలాగే ఎగరేశాడు. ఒక జత అతని చేతిలో పక్షి ఈకలా లేచి పడింది. గులాబీ రంగు అల్యూమినియం, నున్నగా, సన్నగా, మొలలు లేవు. "గివి. వెయిట్‌లెస్. ఆడోళ్లకు గివే మంచిగుంటయ్."

నవత చెప్పు విడిచి కాలు పెట్టి చూడబోయింది.

"ఏందే గది, అందరి ముంగట కాళ్లు సూపెడ్తవ్?" అన్నాడు అతను గొంతు తగ్గించి. పగుళ్లు బారిన మడమను ఆమె చెప్పులోకి లాక్కుంది. సిగ్గుపడింది. కొన్న గులాబీ జతతో పాటు ఆ సిగ్గూ ఇంటి దాకా తోడొచ్చింది. పాదానికి కొనే వస్తువుని చేత్తో తూచినవాడికి సిగ్గెందుకు లేదన్న ఆలోచన మాత్రం అన్నం వండుతున్నప్పుడు గానీ రాలేదు.

మర్నాడు చినుకుల్లో ఫ్లైఓవర్ దిగుతుంటే, ఆ నున్నటి గులాబీ పెడల్ మీద నుంచి సగం ఆనిన కాలు సర్రున జారింది. సరిగ్గా ఆ పాత గాయం మీదే మళ్లీ కొట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కుంటుకుంటూ ఇంటికొస్తే ఉమాకాంత్ టీ తాగుతూ చూశాడు.

"పెడల్ తప్పేం లేదు. నీకు తొక్కుడు రాదు" అన్నాడు.

ఐలమ్మ పసుపు అద్దుతూ, "మా కాలంల మగ్గం గుంటల కాలువెట్టేది మొగోళ్లే బిడ్డా. మేము పక్కన కూసొని కండెలు సుట్టేటోళ్లం. ఏ కాలుకేం దెబ్బ తగలకపోయేది" అంది. ఓదార్పుగానే అంది. నవత ఆ పసుపు చేతి వంక చూసింది. అరవై దాటిన ఆ చేతివేళ్లు నూలు పట్టి పట్టి కొక్కేల్లా వంగిపోయాయి. దెబ్బ తగలకపోవడం ఇదేనా?

ఆ వారమంతా ఆమెకు కుదురు లేదు. మడతపెట్టే చీరల అంచులు తప్పాయి, పప్పు మాడింది. తనకు తొక్కడం రాదా, లేక కాలికి చోటు లేదా? ఈ ప్రశ్న పెడల్స్‌తో ఆగలేదు. వంటింట్లో గట్టు ఎత్తు ఎవరిని నిలబెట్టి కొలిచారు, మంచంలో తన వైపు ఎందుకంత ఇరుకు, ఏదైనా సరిపోకపోతే ప్రతిసారీ తననే ఎందుకు సరిచేసుకోమంటారు, ఇలా ఎక్కడెక్కడికో పోయింది. దానికి తోడు శుక్రవారం ఫోనొచ్చింది. ఆడబిడ్డ లతను తీసుకుని ఉమాకాంత్ బావ లింగమూర్తి ఆదివారం పక్క ఊరు పల్సానా నుంచి భోజనానికి వస్తున్నాడట.

"నేను ఆ పొద్దు డాంగ్ పోతనని చెప్పిన గదా" అంది నవత.

"కొండ ఏడికి పోదు గద? ఎప్పుడన్న పోవచ్చు" అన్నాడు ఉమాకాంత్, అదేమంత పెద్ద సంగతి కానట్టు. కొండ ఎక్కడికీ పోదు, నిజమే. నేనూ ఎక్కడికీ పోను, అదే కదా మీ ధీమా అనుకుంది ఆమె.

శనివారం పొద్దున్నే గులాబీ పెడల్స్ విప్పి సంచిలో వేసుకుని, సాయంత్రం ఖాతా నుంచి తిన్నగా సైకిల్ దుకాణానికి వెళ్లింది. దుకాణదారు వాటిని వెనక్కి తీసుకుంటూ, "భాయ్ కో పూఛా?" అని భర్తను అడిగావా అన్నట్టు చూశాడు. "పాఁవ్ మేరా హై" అంది నవత. పాదం నాది అనేశాక ఆమెకే ఆశ్చర్యమేసింది. చెప్పు విడిచింది. పగుళ్ల మడమతో సహా పాదాన్ని ఒక్కో పెడల్ మీద పెట్టి, కౌంటర్ మీద చెయ్యి ఆనించి, బరువంతా మోపి నిలబడి చూసింది. మెరిసే లోహపువి వెడల్పుగా ఉన్నాయి గానీ బరువు, మెట్లు గుర్తొచ్చి పక్కన పెట్టింది. చివరికి నల్లటి నైలాన్ జత దొరికింది. పాదమంతా పట్టింది, మొలలున్నాయి, లోహపువాటి కంటే తేలిక. "ఏ తో ప్లాస్టిక్ ఛే, బేన్" అని దుకాణదారు పెదవి విరిచాడు. నైలాన్ దారం తెంపబోయి ఎన్నిసార్లు వేలు కోసుకుందో నవతకు తెలుసు. అదే తీసుకుంది.

ఇంటికొచ్చి సైకిల్ మీది బట్టలన్నీ బుట్టలోకి తీసి, పానా పట్టుకుని కూర్చుంది. పక్కన ఎల్లిపాయలు ఒలుస్తున్న ఐలమ్మ పెడల్ అందుకుని, వంకర వేళ్లతో మొలల్ని తడిమింది.

"గివి గుచ్చుకోవా?"

"గుచ్చుకోవు అత్తమ్మా. పట్టుకుంటయ్."

ఐలమ్మ పెడల్‌ని వెంటనే తిరిగివ్వలేదు. కాసేపు ఒళ్లో ఉంచుకుంది.

కుడి పెడల్ బిగించి ఎడమది మొదలుపెట్టేసరికి ఉమాకాంత్ వచ్చాడు. "ఉల్టా తిప్పుతున్నవ్. మరలు పోతయ్. ఇటు తే, నేను బిగిస్త" అని చెయ్యి చాచాడు.

ఇటు తే అన్నప్పుడల్లా ఇవ్వడం ఆమెకు అలవాటు. రిమోట్, ఫోను, నెలాఖరు జీతం. చెయ్యి సగం లేచింది కూడా. కానీ ఎడమ పెడల్ ఎదురు తిప్పితేనే బిగుస్తుందని, రెండు పక్కలా పానాని సైకిల్ ముందు చక్రం వైపే తిప్పాలని నీరజ చూపించింది. ఆమె చెయ్యి దించేసింది.

"గిది గిట్లనే బిగుస్తది" అని మళ్లీ తిప్పింది. మర ఒక్క పట్టున కూర్చుంది. లేచి, వట్టి పాదం పెడల్ మీద మోపి, గాయమైన కాలి మీదే బరువంతా వేసింది. కాలు కదల్లేదు. ఆనందంతో ఆమెకు నవ్వొచ్చింది. తడి బట్టల బుట్ట తీసి భర్త చాచిన చేతుల్లో పెట్టింది.

"వీటికి వేరే జాగ చూడుండ్రి. పొద్దున టెంపో వస్తది."

"మరి రేపు బావొస్తడు గదనే!" ఉమాకాంత్ బుట్టతో అలాగే నిలబడిపోయాడు.

నవత రెండో పెడల్ మీద కూడా కాలు మోపి చూసుకుంది.

"ఎప్పుడన్న రావచ్చు" అంది. "పల్సానా ఏడికి పోదు గద?"