కాల్వ వస్తే బోరు బందు

తిరుమలగిరి దగ్గర కాల్వ చివరి తూము కింద భద్రమ్మకు మూడెకరాల పొలం ఉంది. అక్కడ కాల్వ ఎనిమిది రోజులు పారితే ఎనిమిది రోజులు ఆగుతుంది. పారినా ఆగినా అందరి బోర్లూ పోస్తూనే ఉండేవి. కరెంటు రాగానే మోటర్లు వాటంతటవే నడిచేలా ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. ఎండలు ముదిరేసరికి బోర్లన్నీ గాలి కక్కేవి. కిందటి యాసంగి పంటలో భద్రమ్మ ఎండిన ఎకరం వరిని పశువులకు వదిలేసింది.

ఈసారి నాట్లు కాగానే కోడలు నిరోష ఆటో స్టార్టర్ విప్పి ఇంట్లో పెట్టేసింది. కాల్వ పారినన్నాళ్లూ బోరు ముట్టవద్దని, మడులు తడిశాక మిగిలిన నీళ్లను బోరు పక్కనున్న ఎండిన బావిలోకి వదులుదామని, అవి ఇంకితే బోరుకు ఊట పెరుగుతుందని అత్తతో అంది. చేతికొచ్చిన నీళ్లను ఎవరైనా గుంతలో పోస్తారా అని భద్రమ్మ రెండు రోజులు గొణిగింది. మూడోరోజు కిందటేడు ఎండిన ఎకరం గుర్తొచ్చి తనే పార పట్టుకుని బావిదాకా పిల్లకాలువ తీసింది. వరసకు మరిదయ్యే పై పొలం దుర్గయ్య గట్టుమీద నిలబడి నవ్వాడు.

ఆ తర్వాత కాల్వ ఆగిన రోజుల్లో వాళ్ల బోరు ఆగకుండా పోసింది. బావిలో నీళ్లు మెట్టు మెట్టు ఎక్కాయి.

వరి పొట్టకొచ్చిన వారంలో ఎగువన కాల్వకు గండిపడింది. పన్నెండు రోజులు చుక్క రాలేదు. నాలుగోనాటికే దుర్గయ్య బోరు వట్టిపోయింది. అడగడానికి మొహం చెల్లక అతను పొలంలోనే తచ్చాడుతుంటే భద్రమ్మ పిలిచింది.

"పైపు తెచ్చుకో దుర్గయ్యా. మాది తడిసినంక పొద్దూకేదాక నువ్వు పెట్టుకో."

"నేను నవ్విన గద వదినె."

"నువ్వు నవ్వితే బాయిల నీళ్లు తగ్గినయా?"

ఇద్దరి వరీ గింజ పట్టి ఇంటికొచ్చింది.

వానాకాలంలో మొదటిసారి కాల్వ వదిలిన పొద్దున నిరోషకు దుర్గయ్య ఫోన్ చేశాడు. తన మోటరు బందు చేశాడట. వాళ్లదీ బందైందో లేదో కనుక్కుందామని చేశాడట. అత్తాకోడళ్లు పొలానికి వెళ్లేసరికి పిల్లకాలువ నీళ్లు సుడులు తిరుగుతూ బావిలోకి దూకుతున్నాయి. భద్రమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి ఆ పిల్లకాలువలో దిగింది. దోసెడు తీసి కోడలి మీద చల్లి, చిన్నపిల్లలా పకపక నవ్వింది.