కోతలు కోయరాదు

చలికాలం చివరికొచ్చేసరికి మా ఇంటి దగ్గరి పార్కుకు ఒక బద్ధకపు అందం వస్తుంది. చెట్లు సగం బోడిగా, సగం చిగురుగా, ఏం చేయాలో తేల్చుకోలేక నిలబడి ఉంటాయి. గులాబీ మడిలో తొందరపడ్డ మొగ్గలు నాలుగు బయటికొచ్చి వణుకుతుంటాయి. మంచు విడగానే తోట మధ్యనున్న బెంచీ మీద ఎండ పడుతుంది. పడటమే ఆలస్యం, మా ఆయన అక్కడ వాలిపోతారు.

ఆయన లిఫ్టు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడాయన పని కోతలు కోయడం. ఆయన ముందు అనను గానీ, పచ్చి నిజం. బెంచీ మీద పళ్ళ డాక్టరు, టైలరు ఆయనకు శ్రోతలు. మా కుండీలో పూసిన గులాబీలోకి దూరిన తేనెటీగ దారి తప్పి, సాయంత్రానికి గాని బయటపడలేదని చెబితే, టైలరు "పాపం" అని కూడా అన్నాడట.

తోటమాలి బాధ వేరు. గులాబీలు కత్తిరించే రోజులు కదా, ఇంట్లో నాటుకుంటామంటూ వచ్చేపోయేవాళ్ళంతా కొమ్మలు తెంపుకుపోతున్నారు. పెయింటరైన బావమరిదిని పిలిచి, "ఇక్కడ పూల కోతలు, కొమ్మల కోతలు కోయరాదు" అని బోర్డు రాయమన్నాడు. బావమరిది చేతిరాత ముత్యాలే. అయితే ఆ ముత్యాలు మరీ లావు, పలకేమో చిన్నది. దాంతో పూలనూ కొమ్మలనూ వదిలేసి, "ఇక్కడ కోతలు కోయరాదు" అని రాసి, బెంచీకి సరిగ్గా ఎదురుగా పాతి వెళ్ళిపోయాడు.

అది చూసి పళ్ళ డాక్టరు తన కట్టుడుపళ్ళు జారేంతగా నవ్వాడట. ఆ రోజు నుంచి మా ఆయన నోరు తెరిస్తే చాలు, డాక్టరు మాట్లాడకుండా బోర్డు వైపు వేలు చూపించడం. మా ఆయనకు అవమానమై పార్కు మానేశారు. అసలు కోయడమే మానేశారు.

పీడా విరగడైంది అనుకున్నాను. కోతలు పోయాక ఆయనలో మిగిలింది ఒట్టి నిజమేనని నాకేం తెలుసు!

"కూరలో ఉప్పెక్కువైంది" అన్నారు. మొన్నటిదాకా అదే కూర తింటూ, వాసనకే పక్కింటివాళ్ళు గోడ దూకి వస్తారు, తలుపెయ్యమనేవారు. "ఈ రంగు నీకు నప్పలేదు" అన్నారు. పని చేసుకుంటూ కూనిరాగం తీస్తే, "శ్రుతి లేదు" అన్నారు. మా చెల్లెలు ఫోన్ చేసి "అక్క ఎలా ఉంది బావగారూ?" అంటే, "ఉందమ్మా, మామూలుగానే" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన కోతల్లో సగం నా గురించేనని, వాటికి నేను బాగా అలవాటు పడిపోయానని అప్పుడు తెలిసొచ్చింది.

తోటమాలి దగ్గరికి వెళ్ళాను. "బాబూ, ఆ బోర్డు తీసెయ్యవా?"

"తీస్తే మా బావమరిది అలుగుతాడమ్మా. వాడలిగితే మా ఆవిడ అలుగుతుంది. ఆవిడలిగితే నేనీ బెంచీ మీదే పడుకోవాలి, ఈ చలిలో."

"పోనీ, ముందు 'పూల' అనైనా చేర్పించు."

"చోటేదమ్మా?"

నిజమే, అందులో చీమ దూరే సందు కూడా లేదు.

మర్నాడు ఆయన్ని చెయ్యి పట్టి లాక్కుని పార్కుకు వెళ్ళాను. ఎండ హాయిగా ఉంది. బెంచీ మాత్రం పిల్లాడు పరీక్ష తప్పిన ఇల్లులా ఉంది.

"నిన్న మా కుళాయి కారింది" అన్నాడు టైలరు.

"తర్వాత?" అన్నాడు డాక్టరు ఆశగా.

"బాగుచేయించాను."

అంతే. అందరూ గడ్డి వైపు చూశారు. ఇక ఉండబట్టలేక డాక్టరు నా వైపు తిరిగాడు. "వదినగారూ, మీరైనా నిజం చెప్పండి. ఈయన బాగుచేసిన లిఫ్టు మేడ దాటి పైకెళ్ళిపోయిందట కదా!"

మా ఆయన తల దించుకుని చెప్పుకంటిన మట్టి గీక్కుంటున్నారు. ఆ దించిన తల చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"అబద్ధం" అన్నాను.

మా ఆయన తల ఇంకాస్త కిందికి దిగింది.

"లిఫ్టొక్కటే వెళ్ళిందంటే ఎలా? అందులో నేనూ ఉన్నాను! మబ్బు తగిలి జుట్టంతా తడిసి ముద్దయింది. ఈయన కింద నిలబడి స్పానరు తిప్పుతూ మెల్లగా దించారు. ఈలోగా నా కొంగులో కొంగ గుడ్లు పెట్టేసింది."

టైలరు ముందుకు వంగి, "ఎన్నండీ?" అన్నాడు.

"లెక్కపెట్టేలోపే పిల్లలై ఎగిరిపోయాయి."

తోటమాలి కత్తెర వదిలేసి వచ్చి, నాకు బోర్డు చూపించాడు.

"నాకు చదవడం రాదు బాబూ" అన్నాను, నిన్న అందులో మాట చేర్చమని పోరిన దాన్నే.

డాక్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, పళ్ళ కోసమో నవ్వు కోసమో తెలియదు. మా ఆయన తలెత్తి నన్ను చూశారు. ఇన్నేళ్ళ కాపురంలో నన్నంత గౌరవంగా ఎప్పుడూ చూడలేదు. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

ఇంటికి బయల్దేరాం. గేటు దగ్గర ఆయన ఆగి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నా చెవి దగ్గరకొచ్చారు.

"ఏమోయ్, అంతా బాగానే చెప్పావు గానీ, జరిగినదాన్ని మరీ తగ్గించి చెప్పావు."