అలసిన వాళ్ల వైపు వాలే మైదానం

ఆదివారం వచ్చిందంటే దర్జీ అక్కకి తెల్లవారకుండానే పని మొదలయ్యేది. జెర్సీల చిరుగులు కుట్టి, ఇస్త్రీ చేసి, మూటగట్టి భుజాన వేసుకుని, చేతికర్ర టకటకలాడించుకుంటూ మైదానానికి వెళ్లేది. ఆమె ఎడమకాలు చిన్నప్పుడే చచ్చుబడింది. మైదానం హద్దు గీతకి ఇవతల బెంచీ మీద కూర్చుని ఆటంతా గుడ్లప్పగించి చూసేది.

ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుని పెట్టింది ఇటుకబట్టీ కూలీలు. మట్టి తవ్వేసిన గుంటల్ని వాళ్లే పూడ్చి, వాళ్లే తొక్కి చదును చేశారు. మొదటి బంతి గుడ్డపేలికలది, అక్క తల్లి కుట్టింది. గోలుపోస్టులు తండ్రి పాతాడు. ఒక ఏడు వరదొచ్చి మైదానమంతా మడుగైతే, నీళ్లు తోడిపోసి మళ్లీ మొదట్నుంచీ తొక్కారు. ఆడటం మాత్రం మానలేదు. ఇప్పుడు కెప్టెన్ అక్క తమ్ముడే, వడ్రంగం చేస్తాడు.

అంతమంది చెమట తాగిన నేల కదా, అలసిన వాళ్ల వైపు వాలేది. ఎవరికి ఆయాసమొస్తే వాళ్ల కాళ్లముందు పల్లమై పరుగు తేలిక చేసేది. మనవాళ్లా, పొరుగూరి వాళ్లా అని చూసేది కాదు. అందుకే సొంతూళ్లో కూడా క్లబ్బు ఓడిన రోజులే ఎక్కువ. "ఏం చేస్తాం, వాళ్లు మనకంటే ముందు అలిసిపోయారు" అనుకుంటూ ఇళ్లకి పోయేవాళ్లు.

అక్క మాత్రం ఏనాడూ గీత దాటలేదు. తమ్ముడు రమ్మన్నప్పుడల్లా, "మనుషుల జాలే మొయ్యలేక ఛస్తున్నాను, ఇక నేల జాలి కూడానా!" అని కసిరేది.

ఒక ఆదివారం రిఫరీ రాలేదు. బస్సు దారిలో చెడిపోయిందని కబురొచ్చింది. అప్పటికే వానలకి కొన్ని ఆటలు ఎగిరిపోయాయి. ఇది కూడా పోతే క్లబ్బుని లీగ్‌లోంచి తీసేస్తారు.

"మావాడు విజిల్ పట్టుకుంటే మీరొప్పుకోరు, మీవాడైతే మేమొప్పుకోం" అన్నాడు లారీ డ్రైవరైన పొరుగూరి కెప్టెన్. కాసేపు నెత్తి గోక్కుని బెంచీ వైపు చూశాడు. "ఆవిడైతే మాకు సమ్మతమే. పోయినసారి మా గోలుని మీరంతా కాదంటుంటే, గోలేనని అరిచింది ఆవిడొక్కతే."

తమ్ముడు విజిల్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఒకటి పట్టుకో చాలు, రెండోది ఎటూ పనిచెయ్యదు" అంటూ అతని చేతిలోంచి విజిల్ లాక్కుంది. గీత దాటి లోపలికి నడిచింది.

ఆట మొదలైంది. ఆమె నాలుగడుగులు వేసేసరికి నేల మెత్తగా పల్లమైంది. సిగ్గుతో ముఖం కందిపోయింది. కానీ బంతి అవతలి కొసకి పోతోంది, ఆగితే ఎలా? కర్ర ఊతంగా పరిగెత్తింది, బుద్ధెరిగాక మొదటిసారి. ఇంతలో పక్కనే డ్రైవరు రొప్పుతూ వచ్చాడు. పల్లం చటుక్కున ఆమెని వదిలేసి అతని వైపు తిరిగింది. ఆమె ముందు నేల ఎత్తుగా లేచింది. కర్ర గుచ్చిగుచ్చి ఎక్కాల్సొచ్చింది.

"ఓసి నీ దుంపతెగ!" అంది నేలతో. అంతలోనే నవ్వొచ్చేసింది. దానికి తనమీద జాలేమీ లేదు. పదిమందిలో తనూ ఒకతి, అంతే.

ఆట ముగిసే ముందు తమ్ముడు గోలుపోస్టు దగ్గర డ్రైవర్ని కాలడ్డం పెట్టి పడేశాడు. విజిల్ మోగింది.

"పెనాల్టీ!"

"అక్కా, అన్యాయం!"

"అక్కని ఇంటి దగ్గర. ఇక్కడ రిఫరీని. పక్కకి జరుగు."

ఆ గోలుతోనే క్లబ్బు ఓడింది. లీగ్‌లో మాత్రం నిలిచింది. తమ్ముడు మూతి ముడుచుకునే వచ్చి అక్కకి మంచినీళ్లిచ్చాడు.

డ్రైవరు ఆమె దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "వచ్చేవారం మా ఊళ్లో ఆట ఉందండీ. మీరే రావాలి."

"మీ నేల కదలదు కదా నాయనా. బంతి వెంట నేనెక్కడ పరిగెత్తను?"

అతను చుట్టూ ఒకసారి చూశాడు. "అయితే ఆటనే ఇక్కడికి తెచ్చుకుంటాం లెండి."

అక్క విజిల్ తాడు మెడలో వేసుకుంది. "పొద్దున్నే రండి మరి. ఆలస్యమైతే నేను ఊరుకోను."